కోడలి చేతికి పెట్టలేని చీజు

తోలా చేతులు చూసి ఆమె వయసు ఎవరూ సరిగ్గా చెప్పలేరు. మొహం చూస్తే అరవై అనిపిస్తుంది, చేతులు చూస్తే ఎనభై. పాలగడ్డ పిండగా కారే తేటలో బతుకంతా మోచేతుల దాకా ముంచిన చేతులవి. వేళ్ళ కణుపులు ఉబ్బిపోయాయి. చలి మొదలైందంటే కాఫీ కప్పు కూడా రెండు చేతులా పట్టుకోవాల్సిందే. అసలు పేరు ఎవుస్తోలియా. ఆ పేరు మొత్తం పలికేది ఫాదరుగారొక్కరే, అదీ పూజకి ఆలస్యంగా వచ్చినప్పుడు.

వాళ్ళింటికీ మా ఇంటికీ మధ్య గోడ ఒక్కటే. ఆ గోడకి నా వైపు ఒక ముక్కాలి పీట ఉంటుంది. బట్టలారేసుకోవడానికి. పీటెక్కి ఆరేసుకుంటుంటే అటుపక్క కనబడేవి కనబడతాయి, నేనేం చెయ్యను. తోలా కొడుకు హిల్దార్దోని జ్ఞానస్నానం రోజున చేతుల్లో పట్టుకున్నది నేనే. అప్పట్నించి మేమిద్దరం ఒకరికొకరం కొమాద్రేలం. రక్తం పంచుకోని తోబుట్టువులం అన్నమాట. పోట్లాడుకుని మాటలు మానేసినా ఆ పిలుపు మానం.

మేకలు తప్ప మరేం లేని కొండూరి నుంచి వచ్చింది తోలా, పెళ్ళి చేసుకుని. అత్తగారు దోన్యా ప్రిమితీవా (పెద్దావిడల్ని మేము దోన్యా అంటాం) అప్పటికే మా వైపంతా పేరున్న చీజు మనిషి. "మా అత్త నాకు చీజు చెయ్యడం నేర్పలేదు కొమాద్రే" అనేది తోలా. "పక్కన నిలబెట్టుకుని తిట్టింది. ఆ తిట్లలోంచి ఏరుకుని నేర్చుకున్నా." తెల్లారకముందే తోలా మొగుడు కసిమీరో పాలు పితికి తెచ్చేవాడు. ఆవు ఒంటి వేడి ఇంకా తగ్గని ఆ పచ్చి పాలలోనే మందు కలిపి గడ్డ కట్టించేది. గడ్డ కోసి, పిండి, ఉప్పు జల్లి, మొక్కజొన్న నూరే రాతి మీదే నూరి, గుండ్రటి కొయ్య చట్రాల్లో అదిమేది. మధ్యాహ్నానికి చీజు. సాయంత్రానికి మా వీధిలో ప్రతి ఇంట్లో ఆ చీజు. ఎవరూ పాలు కాచేవాళ్ళు కాదు. కాస్తే రుచి చస్తుందనేవాళ్ళు.

వాళ్ళ ఇంటికి నెరెయిదా కోడలిగా వచ్చింది. నెమ్మదైన పిల్ల. అడిగినదానికి చెబుతుంది, అడగనిదానికి నవ్వుతుంది. హిల్దార్దో కోళ్ళఫారంలో గుడ్లు ఏరే పనికి పోతే రోజంతా అత్తాకోడళ్ళిద్దరే. తోలాకి కూతుళ్ళు లేరు. ఆ పిల్ల జడ అల్లడానికే పని మధ్యలో చేతులు కడుక్కుని వచ్చేది. గోడ మీంచి చూసి నేను ఏడిపించేదాన్ని: "ఏం కొమాద్రే, కోడలితో పనులు చేయించుకుంటారు గానీ కోడలికి చేస్తారా ఎవరైనా?"

"నువ్వు బట్టలారేసుకో" అనేది.

నెరెయిదాకి కడుపు నిలిచింది. మా వైపు గర్భిణి దేన్నైనా చూసి నోరూరించుకుందంటే పెట్టకుండా పంపరు. పెట్టకపోతే బిడ్డ నోరు తెరుచుకుని పుడుతుందంటారు, ఎప్పటికీ చొంగ కారుతూనే ఉంటుందంటారు. సంతలో పరాయి గర్భిణి వచ్చి చీజు బుట్ట ముందు నిలబడితే చాలు, అడక్కముందే చాకు తీసేది తోలా. అలాంటిది సొంత కోడలికి నోరూరింది. దేనికంటే, ఇంకా చట్రంలోంచి తియ్యని, గోరువెచ్చని చీజుకి. తోలా మురిసిపోయింది. ప్రతి మధ్యాహ్నం చీజు అంచు తుంచి, రొట్టె కూడా లేకుండా, తన చేత్తో పిల్ల నోట్లో పెట్టేది. "ఇది తిని పుట్టిన బిడ్డ ఆవులా బలంగా ఉంటుంది" అనేది.

ఆరో నెలలో నెరెయిదాకి జ్వరం వచ్చింది. ఒళ్ళు నొప్పులన్నది. పడిశం పడుతుందిలే అనుకున్నాం. నేనే దాల్చినచెక్క కషాయం కాచి తీసుకెళ్ళా. రెండు రోజులకి బిడ్డ కదలడం మానేసింది. పట్నం ఆస్పత్రికి తీసుకెళ్ళాం. బిడ్డ దక్కలేదు. అక్కడ తెల్ల దుప్పటి కింద పడుకున్న పిల్లని డాక్టరమ్మ మెల్లిగానే అడిగింది, "పచ్చి పాలతో చేసిన చీజు ఏమైనా తిన్నావా తల్లీ?" అని.

నెరెయిదా అత్త వైపు చూడలేదు. దుప్పటి అంచు వేలికి చుట్టుకుంటూ "తిన్నాను" అంది. అంతే. ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా ఆ పిల్ల నోటి నుంచి ఒక్క నిష్ఠూరం మాట రాలేదు. అరిచి ఉంటే బాగుండేది. తోలా తట్టుకోలేకపోయింది ఆ మౌనాన్నే.

ఇంటికొచ్చి చీజుగది తలుపేసింది. గంగాళాలు బోర్లించింది. పాలు ట్యాంకరు వాడికి పోసెయ్యమంది. కసిమీరో పోశాడు. ఊళ్ళో ఎవరూ మొహం మీద అనలేదు గానీ సంతలో ఆమె నడిచే దారిలోంచి ఆడవాళ్ళు కడుపు మీద చెయ్యేసుకుని పక్కకి తప్పుకునేవాళ్ళు. కోడలు అదే ఇంట్లో ఉండేది, అదే బల్ల దగ్గర తినేది. కానీ అత్త చేత్తో పెట్టింది తినేది కాదు. తనే గిన్నెలోంచి వడ్డించుకునేది. ఇంకెవరూ గమనించి ఉండరు. తోలా గమనించింది. గోడ మీంచి నేనూ గమనించాను.

ఓసారి గోడ దగ్గర నిలబడి తోలా తనే అంది, "కొమాద్రే, నాకు ఆ సంత వద్దు, పేరూ వద్దు. ఆ పిల్ల ఒక్కసారి నా చేత్తో పెట్టింది తింటే చాలు. ఆ తర్వాత నా చేతులు పడిపోయినా ఫర్వాలేదు."

ఏడాది గడిచాక చర్చి వెనక హాల్లో ఒక మీటింగు పెట్టారు, చీజు చేసేవాళ్ళకి. పాలచదువు చదివిన అమ్మాయి వచ్చింది, పేరు యదీరా. రబ్బరు బూట్లు, జుట్టుకి వల. నేను చీజు చెయ్యను, అయినా వెళ్ళాను. హాల్లో మొదటి వరసలో కూర్చున్నాను. తోలా చిట్టచివర తలుపు దగ్గర నిలబడింది, ఎవరైనా చూస్తే పోదామని.

యదీరా చెప్పిన మొదటి సంగతి పాలు కాచమని. హాలంతా గొణిగింది. రెండో సంగతి, కాస్తే సరిపోదని. అప్పుడు గొణుగుడు ఆగింది.

"లిస్టీరియా అని ఒక క్రిమి ఉంది" అంది. "పాలు కాస్తే చస్తుంది. కానీ మీ గదిలో నేల మీద, నీళ్ళు పోయే తూములో, బూటు అడుగున బతికే ఉంటుంది. కాచిన పాలతో చేసిన చీజు మీదికి చేతి నుంచో గుడ్డ నుంచో ఒక్కటి పాకినా చాలు. మిగతా క్రిములు ఫ్రిజ్‌లో ముడుచుకుని పడుకుంటాయి. ఇది పడుకోదు. అక్కడే పిల్లల్ని కంటుంది. తాజా చీజులో తడి ఎక్కువ, పులుపు తక్కువ. దానికి పుట్టిల్లు లాంటిది."

"మరి ఏం చెయ్యమంటావు?" అన్నారెవరో.

చిన్న పొట్లం ఎత్తి చూపించింది. అందులో తెల్లటి పొడి. "ఇది తోడు. పెరుగు తోడు లాంటిదే గానీ పాలని అంతగా పులియనివ్వదు. ఇవీ క్రిములే, మంచివి. చీజులో ముందే కాపురం పెట్టేస్తాయి. తిండి ఇవి తినేస్తాయి, చోటు ఇవి ఆక్రమిస్తాయి, చెడ్డదానికి గిట్టని సరుకొకటి కూడా ఇవే తయారుచేస్తాయి. చెడ్డది వచ్చినా సంసారం పెట్టలేదు."

నేను ఊరుకోలేకపోయా. "దొంగలొస్తారని ఇంటినిండా పరాయివాళ్ళని కూర్చోబెట్టుకోమంటావా తల్లీ? వాళ్ళు మంచోళ్ళని ఎవరు పూచీ?"

"దోన్యా, మీ ఇంటికి రోజూ ఎంతమంది వస్తారు?" అంది.

"లెక్కుండదు."

"మీ ఇంట్లో దొంగతనం జరిగిందా ఎప్పుడైనా?"

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. వెనక్కి తిరిగి చూస్తే తలుపు దగ్గర తోలా నవ్వడం లేదు. ఆ పొట్లం వైపే చూస్తోంది.

అలా మళ్ళీ గది తెరిచింది. కానీ ఇది మునుపటి పని కాదు. ఆ వయసులో చేతులకి తెలిసినదాన్ని మరిచిపోవడం ఎంత కష్టమో ఆమెని చూస్తే తెలిసింది. నూరే రాయి బయట పడేసింది, దాని సందుల్లో క్రిములు దాక్కుంటాయని. చట్రాలు ప్లాస్టిక్‌వి కొంది. పాల గంగాళాన్ని నీళ్ళ గంగాళంలో దించి, థర్మామీటరు పట్టుకుని, చేతులు తిమ్మిరెక్కేదాకా కలుపుతూ నిలబడేది. కాచాక చల్లార్చడం ఇంకో యజ్ఞం. వేడి పాలల్లో తోడు వేస్తే అవే చస్తాయి గనక గోరువెచ్చన దాకా ఆగాలి. పొడిని పాలల్లో కలిపే ముందు, కాచి చల్లార్చిన నీళ్ళు ఓ గ్లాసుడు తీసుకుని అందులో నిద్ర లేపాలి. ఆ నీళ్ళు కాచి కూజాలో పెట్టే పని కసిమీరోది. ఆ పనైనా తనకి వదిలెయ్యమని బతిమాలి తీసుకున్నాడు.

రోజు చివర తూము తోముతూ మోకాళ్ళ మీద కూర్చునేది. ఓసారి గోడ మీంచి "లేవలేవా కొమాద్రే?" అన్నాను.

"లేస్తా. ముందు లేవాలనిపించాలి" అంది.

అదే రోజుల్లో నెరెయిదాకి మళ్ళీ కడుపు నిలిచింది. ఇంట్లో ఎవరూ పైకి సంతోషపడలేదు. సంతోషపడితే దేవుడికి వినబడుతుందేమో అన్నట్టు మెల్లిగా మాట్లాడుకున్నారు. తోలా నాతో ఒక్క మాటే అంది: "ఈసారి దానికి నోరూరితే, కొమాద్రే, పెట్టడానికి నా దగ్గర ఉండాలి."

అప్పటికి యదీరా పరీక్షకని ఒక చీజు తీసుకెళ్ళింది. వెంటనే చూస్తే సరిపోదట. ఫ్రిజ్‌లో పెట్టి, అమ్మే గడువు పూర్తయ్యేదాకా ఆగి అప్పుడు చూడాలట. ఆ ఎదురుచూపులో తోలా బరువు తగ్గింది. తపస్సు కాలం దగ్గర పడుతోంది. బూడిద బుధవారం నుంచి ఈస్టరు దాకా మాంసం లేని శుక్రవారాలు, చీజుకి అదే పండగ. సంతవాళ్ళు అడిగి పోతున్నారు. యదీరా కబురు వచ్చేదాకా ఒక్క ముక్క కూడా గది దాటనివ్వనంది. చేసిన చీజంతా పందులకి వేసింది. కళ్ళారా చూశాను నేను. పందులు మాత్రం బాగా ఒళ్ళు చేశాయి.

యదీరా వచ్చింది. ఆ అమ్మాయి బూట్లు మార్చుకోకుండా గుమ్మంలోనే నిలబడినప్పుడే నాకు అర్థమైంది.

"బాగా లేదు దోన్యా" అంది. "చెడ్డది కొంచెమే దిగింది, తూము దగ్గర్నుంచే అనుకుంటా. అది పెద్ద సంగతి కాదు, నేల మార్చుకోవచ్చు. కానీ ఆ కొంచెం, ఫ్రిజ్‌లో పెరిగింది. ఎందుకంటే కాపలావాళ్ళు లేరు. ఒక్కరు కూడా లేరు. పొడి వెయ్యడం మర్చిపోయారా?"

"వేశాను."

"వేడి పాలలో వేశారా?"

"థర్మామీటరు చూసే వేశాను."

"మరి ఎక్కడో చచ్చాయి."

తోలా బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది. ఏడవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటి వైపు చూసుకుంది. "నాది చావు చెయ్యి కాబోలు" అంది. "నేను ముట్టుకుంటే మంచివి కూడా బతకవు."

"అలా అనకండి దోన్యా" అంది యదీరా. వంటింటి కిటికీలోంచి నెరెయిదా వింటోంది. ఆమె చెయ్యి కడుపు మీద ఉంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని చెప్పను. నేను ఎప్పుడూ నిద్రపోతాను. కానీ పొద్దున్నే ఏదో సాకుతో వాళ్ళింటికి వెళ్ళాను. ఒక పని ఎక్కడ చెడిందో తెలియకపోతే నాకు తిండి సయించదు. పొడి పొట్లం చూశాను, ఫ్రిజ్‌లో గడ్డకట్టే అరలో భద్రంగా ఉంది. థర్మామీటరు చూశాను, పగల్లేదు. గ్లాసు చూశాను, శుభ్రంగా ఉంది. తర్వాత కూజా మూత తీసి మూతి దగ్గర ముక్కు పెట్టాను. ఈతకొలను వాసన కొట్టింది.

తొట్టి పక్కన, మా అందరి వంటిళ్ళలో ఉన్నట్టే, ఆకుకూరలు కడిగే చుక్కల సీసా ఉంది. క్రిములు చచ్చే మందు. నెల మొదట్లో కొత్తది కొన్నారు, నేనూ పక్కనే ఉన్నాను. ఇప్పుడు అడుక్కొచ్చింది. చలికాలమంతా నాగజెముడు ఆకులూ చిక్కుడు గింజలూ తినే ఇంట్లో, పచ్చి కొత్తిమీర అంత ఎవరు కడిగారు?

కసిమీరో పెరట్లో ఆవుకి గడ్డి వేస్తున్నాడు. "కొంపాద్రే, ఇలా రా" అన్నాను. నేను అతన్ని పిలిచే పిలుపు అది.

"ఏం కొమాద్రే?"

"కూజాలో ఏం పోస్తావు?"

"నీళ్ళు."

"కాచినవేనా?"

"మసిలి మసిలి కాగినవి. ఒట్టు."

"నీళ్ళలో ఏమేస్తావు?"

"ఏమేస్తానేంటి, చుక్కలు. నీళ్ళన్నాక చుక్కలు వెయ్యరా? మా అమ్మ కూడా వేసేది."

"కాచిన నీళ్ళలోనా?"

అతను గడ్డి కింద పెట్టాడు. గొంతు తగ్గించాడు. "కొమాద్రే, పాలకూరకే వేస్తామే, నా మనవడి కోసం చేసే చీజుకి వెయ్యనా? అందరూ వేసేదానికి రెండింతలు వేశా. తోలాకి చెప్పలేదు. చెబితే, నాకు తెలియదా ఏంటి అని అరుస్తుంది కదా."

"ఆ పొడిలో ఉన్నవీ క్రిములేనయ్యా! మంచి క్రిములు! ఆ గ్లాసులో నిద్ర లేపి మెడ పట్టుకుని ముంచి చంపావు!"

"మంచి క్రిములేంటి?" అన్నాడు అమాయకంగా. మీటింగుకి అతను రాలేదు. ఆవు ఈనుతోందని ఉండిపోయాడు. పొడి అంటే ఉప్పులాంటిదేదో మందు అనుకున్నాడు. క్రిముల్ని చంపే పొడికి క్రిముల్ని చంపే చుక్కలు తోడైతే ఇంకా మంచిదే కదా అనుకున్నాడు.

వెనక తోలా నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచి వింటోందో తెలియదు. నేను చెవులు మూసుకుందామనుకున్నా, వాళ్ళ అత్త తిట్లన్నీ ఇప్పుడు వస్తాయని. రాలేదు. తోలా వచ్చి మొగుడి చేతిలోంచి గడ్డి తీసుకుని ఆవు ముందు వేసింది.

"కసిమీరో, నిన్ను తిట్టడానికి కూడా ఓపిక లేదు" అంది. "వెళ్ళి ఆ కూజా వేడి నీళ్ళతో కడుగు. బాగా కడుగు. చుక్కల సీసా మీ కొమాద్రే ఇంట్లో పెట్టిరా."

అందుకే ఇప్పటికీ మా ఇంట్లో రెండు సీసాలున్నాయి.

కసిమీరో ఆ తర్వాత చాలా రోజులు గది గుమ్మం బయటే నిలబడేవాడు, టోపీ చేత్తో పట్టుకుని, చర్చిలో నిలబడ్డట్టు. హిల్దార్దో సెలవు పెట్టి గది నేల తవ్వి, వాలు సరిగ్గా పెట్టి మళ్ళీ వేశాడు. ఈసారి తూములో నీరు నిలవలేదు. పని మళ్ళీ మొదట్నుంచి. కాచడం, చల్లార్చడం, పొడి నిద్ర లేపడం, పిండటం, తోమడం, ఫ్రిజ్‌లో పెట్టి ఎదురుచూడటం. పందులకి మళ్ళీ పండగ. తోలా మాటలు తగ్గించింది. మాట్లాడటానికి కూడా బలం ఖర్చవుతుందన్నట్టుండేది.

ఈసారి యదీరా గుమ్మం దగ్గరే బూట్లు మార్చుకుంది. లోపలికొచ్చి తోలాని రెండు చేతులా పట్టుకుంది.

"కాపలావాళ్ళు నిండుగా ఉన్నారు దోన్యా. చెడ్డది ఎక్కడా కనబడలేదు. నేనే కావాలని మా పరీక్ష గదిలో ఒక చీజు మీద చెడ్డదాన్ని కొంచెం వదిలి చూశాను. పెరగలేదు. అలాగే ముడుచుకుని ఉంది. అమ్ముకోండి."

తోలా ముందు అడిగింది అమ్మకం గురించి కాదు. "కడుపుతో ఉన్న పిల్లకి పెట్టొచ్చా?"

నేను వాళ్ళిద్దరి మధ్యకి దూరి నిలబడ్డాను, ఒక్క మాట కూడా పోకూడదని.

"అబద్ధం చెప్పను" అంది యదీరా. "నేను చూసింది ఆ చీజుని. రేపు మీరు చేసేదాన్ని చూడలేదు. ఈ తోడు చెడ్డదాన్ని పెరగనివ్వదు, కానీ మొత్తంగా చంపదు. నాలాంటి దానికి ఆ కొంచెం ఏమీ చెయ్యదు. కడుపుతో ఉన్నవాళ్ళకి కొంచెం కూడా ఎక్కువే. నా చెల్లెలైతే పచ్చిగా పెట్టను. పొగలు కక్కేలా కాల్చి పెడతాను."

"కాలిస్తే నీ కాపలావాళ్ళు కూడా చస్తారు కదా?"

"చస్తారు."

"అయితే ఇన్నాళ్ళు నేను చేసింది ఎవరి కోసం?"

"అందరి కోసం దోన్యా. సంతలో కొనే ప్రతివాళ్ళ కోసం."

తోలా తల ఊపింది. కానీ ఆమె కళ్ళు ఒప్పుకోలేదు, నేను చూశాను. ఆ పిల్ల మనసు పడింది చట్రంలోంచి తీసిన గోరువెచ్చని చీజు మీద. కాల్చిన చీజు కాదు. గది తలుపు మళ్ళీ తెరిచింది కూడా ఆ గోరువెచ్చని ముక్క పెట్టడానికే.

తపస్సు కాలంలో మొదటి శుక్రవారం. తోలా చీజు మళ్ళీ సంతకి పోయింది. కొన్నవాళ్ళు కొన్నారు, తప్పుకున్నవాళ్ళు తప్పుకున్నారు. మధ్యాహ్నం భోజనానికి నన్ను పిలిచారు. పిలవకపోయినా వెళ్ళేదాన్ని. నాగజెముడు కూర, చిక్కుడు గింజలు, వేడి రొట్టెలు. బల్ల మీద మాకోసం ఒక చీజు, ఇంకా చట్రంలోనే, అంచుల్లోంచి తేట చుక్కలు కారుతూ. కసిమీరో, హిల్దార్దో కూర్చున్నారు. తోలా కూర్చోలేదు, ఆమె ఎప్పుడూ వడ్డించేశాకే కూర్చుంటుంది. నెరెయిదా గూట్లోంచి ఉప్పుగిన్నె తెస్తూ బల్ల దగ్గర ఆగిపోయింది.

చీజు వైపు చూసింది. గుటక వేసింది. నాకు కనబడింది, తోలాకీ కనబడింది.

"అత్తమ్మా" అంది. "ఒక్క ముక్క."

హిల్దార్దో చేతిలో రొట్టె అలాగే ఆగిపోయింది. ఆ పిల్ల చెయ్యి చాచి ఉంది, అత్త వైపు. ఉప్పుగిన్నె రెండో చేతిలో ఉంది. ఏడాదికి పైగా అత్త చేత్తో ఏమీ తీసుకోని పిల్ల.

"పెట్టవే" అన్నాడు కసిమీరో. "అడిగింది కదా. పరీక్ష కూడా బాగుందన్నారు కదా. పెట్టకపోతే బిడ్డ నోరు..."

"తెలుసు" అంది తోలా.

చాకు తీసుకుంది. చట్రం విప్పింది. ముక్క కోసింది. కోసిన ముక్క అరచేతిలో పెట్టుకుని నిలబడింది. తెల్లగా, గోరువెచ్చగా, తేట కారుతున్న ముక్క. కోడలి చాచిన చెయ్యి ఇక్కడే ఉంది, రెండడుగుల్లో. నేను కూడా పెట్టెయ్యమనే అనబోయాను. నా నోటిని నేనే పట్టుకోవాల్సొచ్చింది.

తోలా వెనక్కి తిరిగింది. పొయ్యి దగ్గరికి వెళ్ళి రొట్టెల పెనం మీద ఆ ముక్క వేసింది. చుయ్యిమంది. ఇంకో ముక్క కోసి అదీ వేసింది. మంట పెంచింది. చీజు కరగలేదు, మా చీజు కరగదు. అంచులు గోధుమరంగుకి వచ్చాయి, ఆవిరి లేచింది, వంటింటి నిండా కమ్మటి వాసన కమ్ముకుంది. నెరెయిదా చెయ్యి మెల్లిగా కిందికి దిగింది. ఆ పిల్ల మొహంలో ఏముందో నాకు తెలియలేదు. కోపమా, ఏడుపా.

తోలా వెనక్కి తిరగకుండానే మాట్లాడింది. "నీకు కావలసింది ఇది కాదు, నాకు తెలుసు. ఆ గోరువెచ్చనిది నేనింక నీకు పెట్టలేను తల్లీ. యదీరా అక్కడ నిలబడి పెట్టమన్నా, పోపుగారు దీవించి పెట్టమన్నా పెట్టలేను. ఇది తింటే తిను. వద్దంటే నాకు కోపం లేదు."

రెండో వైపు తిప్పి కాల్చింది. పొగలు కక్కుతున్న ముక్కని రొట్టెలో చుట్టి, పట్టుకొచ్చి కోడలి ముందు నిలబడింది. పళ్ళెంలో పెట్టలేదు. చేత్తోనే పట్టుకుంది, వేళ్ళు కాలుతున్నా.

నెరెయిదా తీసుకోలేదు. ఉప్పుగిన్నె బల్ల మీద పెట్టింది. ముందుకి వంగి, అత్త చేతిలోంచే ఒక కొరుకు కొరికింది. నోరు కాలింది కాబోలు, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఊదుకుంటూ నమిలి మింగింది.

"ఉప్పు తక్కువైంది అత్తమ్మా" అంది.

"వేసే చేతికి కణుపులు పట్టేశాయి, ఏం చెయ్యను" అంది తోలా.

అప్పుడు కూర్చుంది. మొదటిసారి, ఎవరికీ వడ్డించకుండా. కుర్చీ వెనక్కి ఆనుకుని కళ్ళు మూసుకుంది. మాకు మేమే వడ్డించుకున్నాం. కసిమీరో ముక్కు చీదుకుంటున్నాడు, చలి అంటున్నాడు. వంటిల్లు మాత్రం పొయ్యిలా ఉంది.

నెరెయిదా చేతిలో రొట్టె అయిపోయింది. వేళ్ళు నాక్కుంది.

"అత్తమ్మా, ఇంకోటి కాలుస్తావా?"

తోలా కళ్ళు తెరిచింది. బల్ల అంచు పట్టుకుని, మోకాళ్ళని తిట్టుకుంటూ లేచింది.